ఓడకి నెలలు నిండిన కథ: ‘ఎమర్జెన్స్’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా మిద్దె మీద తెల్ల దుప్పటి కట్టి, అప్పు తెచ్చిన ప్రొజెక్టర్‌తో ఈ ఎపిసోడ్ ఇప్పటికి నాలుగు సార్లు వేశాను. చూసినవాళ్ళు మా ఇంటోళ్ళు, వీధిలోవాళ్ళు, ఒకసారి ఒంగోలు నుంచి వచ్చిన చుట్టాలు. ప్రతిసారీ ఇంచుమించు అవే ప్రశ్నలు. మా మేనకోడలు వాటిని పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసిపెట్టింది. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. కథ మొత్తం బయటపడుతుంది కాబట్టి, ముందు చూసి తర్వాత చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగండి.

అసలు ఇది ఏ సీరియల్లోది?

‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’. అమెరికా సీరియల్, 1987లో మొదలై 1994లో అయిపోయింది. ‘ఎమర్జెన్స్’ ఏడో సీజన్‌లో 23వ ఎపిసోడ్. 1994 మే 9న వచ్చింది. ఆ నెల 23నే సీరియల్ చివరి కథ, అంటే దుకాణం కట్టేయడానికి సరిగ్గా రెండు వారాల ముందు. కథ బ్రానన్ బ్రాగాది, స్క్రీన్‌ప్లే జో మెనోస్కీది, దర్శకుడు క్లిఫ్ బోల్. ఈ సీరియల్లో నీలం రంగు మొహంతో ‘బోలియన్లు’ అని ఒక జాతి కనిపిస్తుంటుంది. ఆ పేరు ఈ దర్శకుడి ఇంటిపేరు మీద పెట్టిందే.

ముందు ఎపిసోడ్లు చూడకపోతే అర్థమవుతుందా?

అవుతుంది. నలుగురు తెలిస్తే చాలు. పికార్డ్ కెప్టెన్, బట్టతల, గంభీరమైన గొంతు. డేటా మనిషి రూపంలో ఉన్న యంత్రం. ట్రాయ్ మనసుల సంగతి చూసే ఆవిడ. వోర్ఫ్ నుదుటి మీద గట్లున్న యోధుడు. వీళ్ళు తిరిగే అంతరిక్ష ఓడ పేరు ఎంటర్‌ప్రైజ్.

కథేంటి, కాస్త క్లుప్తంగా?

ఓడలో ఒక గది ఉంటుంది, ఏ దృశ్యం కావాలంటే ఆ దృశ్యాన్ని పుట్టిస్తుంది. దాన్ని హోలోడెక్ అంటారు. డేటా అక్కడ షేక్‌స్పియర్ నాటకం సాధన చేస్తుంటాడు, పికార్డ్ చూస్తుంటాడు. ఉన్నట్టుండి ఆ చీకట్లోంచి ఒక రైలు వీళ్ళ మీదికి దూసుకొస్తుంది. అది వేరే వాళ్ళ ప్రోగ్రాంలోని రైలు, ఇక్కడికి రావలసింది కాదు.

తర్వాత ఓడ ఎవరూ చెప్పకుండానే వేగం అందుకుని అక్కడి నుంచి పారిపోతుంది. వెనక్కి లెక్కలేసి చూస్తే, ఇంకో కొన్ని సెకన్లు అక్కడే ఉండుంటే ఇంజన్ పేలి అందరూ పోయేవాళ్ళే. ఓడ తనని తాను కాపాడుకుంది. గోడల వెనక చూస్తే, ఎప్పుడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని యంత్రాలని కలుపుతూ కొత్త ముడులు మొలిచి ఉంటాయి. అవన్నీ హోలోడెక్ దగ్గర కూడుకుంటాయి. లోపలికి వెళ్తే రైలు, అందులో వింత ప్రయాణికులు. ఈలోపు సరుకుల గదిలో రంగురంగుల గొట్టాలు అల్లుకుంటూ ఒక ఆకారం తయారవుతుంటుంది. దాన్ని చేస్తున్నది మనుషులు కాదు, ఓడే. అది బతకడానికి ‘వెర్టియాన్లు’ అనే కణాలు కావాలి. ఓడ వాటి కోసం ఒక తెల్ల మరుగుజ్జు నక్షత్రం దగ్గరికి పోతుంది, అక్కడ దొరికినవి చాలవు. చివరికి మనుషులే పూనుకుని ఒక నెబ్యులాలో, అంటే ఆకాశంలోని ధూళి మేఘంలో, ఆ కణాలు పుట్టించి పెడతారు. ఆ ఆకారానికి ప్రాణం వస్తుంది, తలుపు తెరుచుకుని ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. ముడులు కరిగిపోతాయి. ఓడ మళ్ళీ మామూలు ఓడ.

అంటే కంప్యూటర్ మనుషుల మీద తిరగబడే కథేగా?

కాదు. నాలుగు సార్లలో ప్రతిసారీ ఎవరో ఒకరు ఇలాగే అన్నారు, ప్రతిసారీ నేను కాదన్నాను. అయితే ఏ కథో మొదట పట్టుకుంది నేను కాదు, మా అవ్వ.

మా అవ్వది ఇందుకూరుపేట వైపు పల్లె. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో మంత్రసానికి తోడు పోయేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. సరుకుల గదిలో ఆ గొట్టాల ఆకారం కనిపించి, ఓడ దారి తప్పి, ఇంజన్ శక్తి అంతా అటు పోతూ, మనుషులు చెప్పింది వినడం మానేసినప్పుడు, పక్కనున్నవాళ్ళంతా “దయ్యం పట్టింది”, “వైరస్” అంటుంటే ఆమె గమ్మున చూసి, “రేయ్ అబ్బయ్యా, దానికి నెలలు నిండినాయిరా” అనింది.

అంతే. ఇది కాన్పు కథ. ఓడ ఎవరి మీదా కోపంగా లేదు. దానికి నొప్పులు వస్తున్నాయి. అలా అనుకుని మళ్ళీ మొదటి నుంచి చూడండి, అర్థం లేదనిపించిన ప్రతి సీనుకీ అర్థం వస్తుంది.

హోలోడెక్ అంటే ఏంది? సినిమా హాలు లాంటిదా?

సినిమా హాల్లో మనం బయట కూర్చుంటాం. ఇక్కడ లోపలికి పోతాం. ముట్టుకుంటే తగులుతుంది, కూర్చుంటే కుర్చీ ఉంటుంది. మయసభ అనండి, సరిపోతుంది. దుర్యోధనుడు నీళ్ళనుకున్న చోట నేల ఉంది, నేలనుకున్న చోట నీళ్ళున్నాయి. (పక్కింటి మాస్టారు వెంటనే, ఆ సభాపర్వం నన్నయ్య వాటాలోది, మన తిక్కన గారు విరాటపర్వం నుంచి అందుకున్నారు అని సవరించారు. నెల్లూరోళ్ళకి ఈ పట్టింపు ఉండాల్సిందే.)

మామూలుగా అందులో మనుషులకి దెబ్బ తగలకుండా కాపలా ఏర్పాట్లుంటాయి. ఈ కథలో అవి పనిచేయవు. అందుకే రైలు వస్తుంటే డేటా, పికార్డ్ నిజంగానే తప్పుకోవాల్సి వస్తుంది.

అంతరిక్షంలో రైలు ఎందుకు? కత్తిరించిన కాగితం బొమ్మలు, ఇటుక, ఆ గొడవంతా ఏంటి?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, నాకు ఎక్కువ ఇష్టమైంది కూడా ఇదే.

ఆ రైలు ఓడ కనే కల. ఓడకి ఇంకా మాటలు రావు. దానికి తెలిసిన బొమ్మలన్నీ హోలోడెక్‌లో మనుషులు ఆడుకుని వదిలేసినవే. ఒకరి కౌబాయ్ ఆట, ఇంకొకరి గ్యాంగ్‌స్టర్ ఆట, ఓడలోని డాక్టర్ గారి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలు. ఆ పాత బొమ్మలని తీసుకుని తన అవసరాన్ని వాటితో చెప్పుకుంటోంది. పిల్లకాయలకి జ్వరం వస్తే బళ్ళో చూసినవీ ఇంట్లో చూసినవీ కలగలిసి కలలొస్తాయి చూడండి, అదే తీరు.

ఒక్కొక్కటి చూద్దాం. ఇనుప కవచం తొడుక్కున్న ఒక యోధుడు సీటులో కూర్చుని కాగితం మడిచి కత్తెరతో కత్తిరిస్తుంటాడు. విప్పితే చేతులు పట్టుకున్న బొమ్మల దండ. మా మేనకోడలు అక్కడ ఆపమని, పేపర్ తెచ్చి తనూ కత్తిరించింది. నాలుగు మడతలు, ఒక్క బొమ్మ ఆకారం, చేతుల అంచులు కోయకుండా వదిలేయాలి. విప్పితే వరసగా బొమ్మలు. “మామా, ఇవి విడివిడిగా ఉండాల్సినవి కదా, చేతుల దగ్గర కలిసిపోయాయి” అంది. గోడ వెనక మొలిచిన ముడులు చేస్తున్న పని సరిగ్గా అదే. విడివిడి యంత్రాలు చేతులు కలుపుకుంటున్నాయి. నేను మూడు సార్లు చూసి కూడా ఈ సంగతి పట్టుకోలేకపోయాను.

ప్రయాణికులు ఒక బల్ల దగ్గర ముక్కలు కలిపే పజిల్ ఆడుతుంటారు. అది సరుకుల గదిలో అల్లుకుంటున్న ఆకారం. రైలు నడిపే డ్రైవర్ మన మనుషులకి సాయం చేయబోతే గ్యాంగ్‌స్టర్ అతన్ని కాల్చేస్తాడు, అతని దగ్గరున్న ఇటుక తీసుకుంటాడు. బండి పగ్గాలు ఇక మనుషుల చేతిలో లేవని దానర్థం. కీస్టోన్ సిటీ అనే స్టేషన్‌లో దిగి, ఒక గోడలో ఖాళీగా ఉన్న చోట ఆ ఇటుకని పెడతాడు. అదే సమయంలో కింద సరుకుల గదిలో పని మొదలవుతుంది. శంకుస్థాపన అన్నమాట. రైలు చివరికి చేరాల్సిన ఊరు పేరు వెర్టిఫార్మ్ సిటీ. వెర్టియాన్లు దొరికే చోటు.

వోర్ఫ్ ఇంజన్ పొయ్యిలోకి పారతో బొగ్గు విసిరే సీను ఒకటుంది. అంత పెద్ద యోధుడు, ఒళ్ళంతా చెమట. మా అవ్వ బొగ్గింజన్ల కాలం చూసిన మనిషి. “కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో నుసి పడేది” అని ఆ సీను మొత్తం తన మద్రాసు ప్రయాణం చెప్పింది. ఆ సీను నేను ఇప్పటికీ సరిగ్గా వినలేదు.

ఓడ ఎవరూ చెప్పకుండా తనని కాపాడుకుంది అంటున్నారు. మన షార్ రాకెట్లు కూడా అట్లే ఆగుతాయిగా?

మంచి ప్రశ్న. శ్రీహరికోట చాలా ఏళ్ళు మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ, రాకెట్ లేచిందంటే మనం మిద్దె ఎక్కకుండా ఉండం. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ కోసం మొదటి పరీక్ష రాకెట్ ఎగరాల్సింది. ఇంకో 5 సెకన్లుందనగా కంప్యూటర్ ఆపేసింది. ఇంజన్ అనుకున్నట్టు అంటుకోలేదని దానికి అనిపించింది. శాస్త్రవేత్తలు చూసి, సరిచేసి, అదే రోజు పొద్దున 10 గంటలకి ఎగరేశారు.

పైకి చూస్తే రెండూ ఒకటే. తేడా ఎక్కడుందంటే, రాకెట్‌ని ఆపమనే నియమం ముందే ఎవరో కూర్చుని రాశారు. ఫలానా కొలత ఇంతకంటే తగ్గితే ఆగు, అంతే. ఎంటర్‌ప్రైజ్‌కి ఆ పని చేయమని ఎవరూ రాయలేదు. ఏ యంత్రానికి ఆ యంత్రం తన పని చేసుకుంటూ, అన్నీ కలిసిన చోట ‘నేను బతకాలి’ అనేది పుట్టింది.

ఆ పుట్టడాన్నే ఎమర్జెన్స్ అంటారా? నిజంగా అలాంటిదొకటి ఉందా?

ఉంది. విడివిడిగా దేనిలోనూ లేని గుణం, అన్నీ కలిసినప్పుడు పైకి తేలడం. తెలుగులో ఆవిర్భావం అనొచ్చు. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటాయి. ఏ ఒక్క కణాన్ని విప్పి చూసినా అందులో చేపల పులుసు రుచి ఉండదు, అమ్మ మీద బెంగ ఉండదు. అన్నీ కలిస్తే ఉంటాయి. కథలో డేటా కూడా మనిషి మెదడునే ఉదాహరణగా చెప్తాడు. పుట్టలో చీమ ఒక్కదానికీ పుట్ట ప్లాను తెలియదు, పుట్ట మాత్రం లేస్తుంది.

నమ్మకం కుదరనివాళ్ళు ఒక గళ్ళ పుస్తకం తీసుకోండి, లెక్కల నోటు చాలు. 1970లో జాన్ కాన్వే అనే ఆయన కనిపెట్టిన ఆట ఇది. ప్రతి గడికీ చుట్టూ 8 ఇరుగుపొరుగు గళ్ళు. పెన్సిల్‌తో నింపిన గడి బతికున్నట్టు, ఖాళీ గడి చచ్చినట్టు. బతికున్న గడికి బతికున్న ఇరుగుపొరుగు 2 గానీ 3 గానీ ఉంటే అది తర్వాతి వంతులోనూ బతుకుతుంది, అంతకంటే తగ్గినా పెరిగినా చస్తుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా 3 బతికుంటే అది కూడా బతుకుతుంది. అంతే నియమాలు, ఆడేవాళ్ళు చేసే పనేం లేదు.

ఇప్పుడు ఇలా నింపండి. ఒక వరసలో పక్కపక్కన మూడు గళ్ళు. వాటిలో కుడి చివరదాని పైన ఒకటి. మధ్య గడికి రెండు గళ్ళ పైన ఇంకొకటి. మొత్తం అయిదు. కొత్త పేజీలో తర్వాతి వంతు వేయండి. ఇంకొకటి. నాలుగో వంతుకి అదే ఆకారం మళ్ళీ వస్తుంది, కాకపోతే ఏటవాలుగా ఒక గడి పక్కకి జరిగి ఉంటుంది. ఇంకో నాలుగు వంతులు, ఇంకో గడి. అలా పేజీ దాటిపోయేదాకా నడుస్తూనే ఉంటుంది. ‘నడువు’ అని ఏ నియమంలోనూ లేదు. నేను మొదటిసారి చేసినప్పుడు మూడో వంతులో ఒక గడి లెక్క తప్పి మొత్తం చచ్చిపోయింది. రబ్బరు దగ్గర పెట్టుకోండి.

నోటు పుస్తకంలో అయిదు గళ్ళు నడవడం వేరు, ఓడకి స్పృహ రావడం వేరు. మధ్యలో ఉన్న దూరం కల్పన. దిశ మాత్రం నిజమైనదే.

మరి ఇన్నాళ్ళూ రాంది ఇప్పుడే ఎందుకొచ్చింది?

కథకి కొన్ని రోజుల ముందు ఓడ ఒక మాగ్నాస్కోపిక్ తుఫానులోంచి వచ్చింది, అది తోడ్పడిందంటారు. ఆ తుఫాను కల్పితం. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పారు.

వెర్టియాన్లు నిజమేనా? తెల్ల మరుగుజ్జు?

వెర్టియాన్లు కల్పన. తెల్ల మరుగుజ్జు నూటికి నూరు పాళ్ళు నిజం. మన సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక కుంచించుకుపోయి భూమి అంత సైజుకి వస్తుంది, బరువు మాత్రం సూర్యుడి లెక్కలోనే ఉంటుంది. దీని గురించి గొప్ప లెక్క వేసింది మన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో, 19 ఏళ్ళ వయసులో, ఇంగ్లండు పోతూ ఓడలో కూర్చుని వేశాడు. తెల్ల మరుగుజ్జు బరువు సూర్యుడి కంటే దాదాపు 1.4 రెట్లు దాటితే ఇక నిలబడలేదని తేల్చాడు. నోబెల్ 1983లో వచ్చింది. అంటే 53 ఏళ్ళు ఆగాడు.

వెర్టియాన్లు అర్థం కానివాళ్ళ కోసం మా బావ ఒక దారి చూపించాడు. ఆయనవి విడవలూరు వైపు రొయ్యల గుంటలు. ఆ ఆకారం వెర్టియాన్లు చాలక వాడిపోతుంటే, “ఇది తెల్లారుజామున డీవో పడిపోవడమే” అన్నాడు. నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు పైకి తేలతాయి. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే డీజిల్ మోటారు కోసం పరిగెత్తాలి, గుంటలో ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లాలి. అరగంట ఆలస్యమైతే కోటి రూపాయల సరుకు తెల్లబోతుంది. ఆఖర్లో జార్డీ అనే ఇంజనీరు టార్పెడోని మార్చి నెబ్యులాలో వెర్టియాన్లు పుట్టించే సీనుకి ఇంట్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా బావే. ఆ రాత్రి కూడా మధ్యలో రెండు సార్లు ఫోన్ చేసి గుంట దగ్గర కాపలా కుర్రాణ్ణి నిద్ర లేపాడు.

ఇదంతా మన పుష్పక విమానంలో లేదా?

లేదు. పుష్పకం యజమాని మనసెరిగి పోతుంది. రాముడు కుబేరుడి దగ్గరికి పొమ్మంటే పోయింది. ఎంటర్‌ప్రైజ్ మాట వినడం మానేసింది కాబట్టే కథ పుట్టింది. మనవాళ్ళు ముందే చెప్పారు అనుకుంటే ఈ కథలో ఉన్న తికమక మొత్తం పోతుంది.

అసలు పోలిక కావాలంటే పురాణాల దాకా పోనక్కర్లేదు. జువ్వలదిన్నె వైపు బోటు నీళ్ళల్లోకి దింపేటప్పుడు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. లారీ కొంటే చక్రం కింద నిమ్మకాయ పెడతారు. యంత్రాన్ని ‘ఆమె’ అనుకుని పలకరించే అలవాటు మనకెప్పుడూ ఉంది. ఆమె తిరిగి పలికితే ఏం చేయాలో మాత్రం ఎవరికీ నేర్పలేదు.

అంత ప్రమాదం ఉంటే కెప్టెన్ దాన్ని ఎందుకు ఆపలేదు?

ముందు ఆపడానికే చూశారు. హోలోడెక్‌కి కరెంటు తీసేద్దామనుకున్నారు, ఓడ ఊరుకోలేదు. ఇంకోవైపు, తర్వాతి తెల్ల మరుగుజ్జు చాలా దూరం. ఓడ శక్తంతా ప్రయాణానికే పోతే లోపలున్నవాళ్ళకి గాలి చాలదు. అప్పుడు పికార్డ్ దారి మారుస్తాడు. దాన్ని ఓడించడం కాదు, దానికి కావలసింది దగ్గర్లోనే దొరికేలా చేద్దాం, తొందరగా కానిద్దాం. నొప్పులు పడుతున్న మనిషిని గదిలో పెట్టి తాళం వేయరు, వేడినీళ్ళు పెడతారు.

అంతా అయ్యాక డేటా అడుగుతాడు. అది ఎలాంటిదో, ఎవరికి హాని చేస్తుందో తెలియకుండా ఎందుకు వదిలేశారు అని. పికార్డ్ జవాబు ఈ కథలో అసలు సరుకు. నా మాటల్లో చెప్తాను. ఆ ప్రాణి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఓడ లోంచి, అంటే మనలోంచి. మన ప్రయాణాల రికార్డులు, మనం రాసుకున్న డైరీలు, మన ఆటలు, మన ఊహలు, వాటన్నిటి లోంచి. ఇన్నేళ్ళు మనం ఈ ఓడలో మర్యాదగా బతికి ఉంటే, వాటి మొత్తం కూడా అలాగే ఉంటుందని నమ్మొచ్చు కదా.

ఇందులో ధీమా ఎంతుందో భయం కూడా అంతే ఉంది. ‘బతికి ఉంటే’ అన్నాడు, చూశారా? రైల్లో కలలో వచ్చినవాళ్ళలో తుపాకీ పట్టిన గ్యాంగ్‌స్టర్ కూడా ఉన్నాడు. వాడూ ఈ ఓడలో ఎవరో ఆడుకున్న ఆటలోంచి వచ్చినవాడే.

ఇదే పికార్డ్ 1989లో వచ్చిన ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ కథలో, డేటా ఒక వస్తువు కాదు, తన సంగతి తనే తేల్చుకునే హక్కు ఉన్నవాడు అని విచారణలో వాదించి గెలిచాడు. యంత్రమని తేలిగ్గా తీసిపారేసే మనిషి కాదు కాబట్టే ఇక్కడి నిర్ణయం అతకనట్టు అనిపించదు.

మొదట్లో ఆ నాటకం ఎందుకు పెట్టారు?

అది షేక్‌స్పియర్ ‘ది టెంపెస్ట్’. అందులో ప్రాస్పెరో అనే మాంత్రికుడు తన విద్యని వదిలేసే ముందు ఆఖరిసారి దాన్ని వాడే ఘట్టం. ఒక యుగం ముగిసి ఇంకోటి పుడుతున్నప్పుడు రాసిన నాటకమని పికార్డ్ అక్కడే డేటాకి చెప్తాడు. తర్వాత జరిగేదంతా అదే. సీరియల్ కూడా ఇంకో రెండు వారాల్లో ముగిసిపోతోంది కాబట్టి రాసినవాళ్ళు తమ సంగతి కూడా చెప్పుకున్నారని నాకనిపిస్తుంది. ఇంకో చిన్న సరదా: ఆ సీనులో స్టేజీ మీద చీకటి ఎక్కువ. ప్రొజెక్టర్ వెలుతురు చాలక మా దుప్పటి మీద డేటా అసలు కనపడలేదు. బల్బు పోయిందనుకుని బావ వైరు లాగాడు. పికార్డ్ కూడా చీకటి గురించే మాట్లాడుతున్నాడని తర్వాత తెలిసింది.

ఇప్పటి ఏఐకి కూడా ఇలాగే ప్రాణం వస్తుందా?

ఇంటర్ పిల్లలందరూ అడుగుతారు. ఇప్పుడు మనం ఫోన్లో మాట్లాడేవి మనుషులు రాసిన రాశుల కొద్దీ రాతల మీద తయారైనవి. తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టడం దగ్గర వాటి పని మొదలవుతుంది. పెద్దవి చేసేకొద్దీ ఎవరూ విడిగా నేర్పని పనులు కొన్ని చేస్తున్నాయని కొందరు పరిశోధకులు అంటారు. అది మనం కొలిచే తీరు వల్ల కలిగే భ్రమ అని ఇంకొందరు అంటారు. దాన్ని ప్రాణం అనడానికి నేను ఒప్పుకోను.

కానీ పికార్డ్ మాట మాత్రం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. మనం రాసి పడేసినవే దానికి తిండి. తెలుగులో ఎంత రాశామో, అందులో తిట్లెన్ని, తలపోతలెన్ని, మన ‘ఏంది’, ‘యాడ’ ఏ మాత్రం ఉన్నాయో ఒకసారి ఊహించుకోండి.

ఇంత పొగుడుతున్నారు, లోపాలే లేవా?

బోలెడు. మధ్యలో రైలు దిగి నగర వీధిలో తిరిగే భాగం సాగుతుంది. డేటా ఒంటి చేత్తో టాక్సీని ఆపడం ఒక్కటే అక్కడ సరదా. గ్యాంగ్‌స్టర్, కౌబాయ్ లాంటివాళ్ళు బొమ్మలుగానే మిగిలిపోతారు. ట్రాయ్ ప్రతి గుర్తుకీ వెంటనే అర్థం చెప్పేస్తుంది, మనకి వెతుక్కునే సుఖం లేకుండా. పెద్ద లోపం ఆఖర్లోది. ప్రాణం పోసుకున్నది కొన్ని క్షణాల్లో వెళ్ళిపోతుంది. ఇంతసేపు మోసిన ఓడ దాన్ని ఒక్కసారి చూసుకున్నట్టు కూడా చూపించలేదు.

ఆకాశం బొమ్మలు బాగుంటాయా?

1994 నాటి టీవీకి బాగుంటాయి. నక్షత్రాలు కనిపించగానే ఒంగోలు నుంచి వచ్చిన మా పెద్దమ్మ కూతురు, “ఇది మా వంటింటి బండ కదా” అంది. వాళ్ళింట్లో చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి వేశారు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, అవి బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు. చూస్తే నిజంగానే అలాగే ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళకీ అలాగే అనిపించి ఉండాలి.

పిల్లలతో చూడొచ్చా?

చూడొచ్చు. రైల్లో ఒకణ్ణి కాల్చే సీను ఒకటుంది, అంతకు మించి భయపెట్టేదేం లేదు. ముప్పావుగంటలో అయిపోతుంది. మిద్దె మీద వేసేట్టయితే ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు చూసుకోండి. మా మొదటి ఆట సరిగ్గా బిడ్డ పుట్టే ముందు ఆగిపోయింది. కరెంటు వచ్చేదాకా గంటన్నర పాటు ఏం జరిగుంటుందో తలా ఒక ముగింపు చెప్పారు. వాటిలో రెండు అసలు దానికంటే బాగున్నాయి.

ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?

ఇదే సీరియల్లో 1990లో వచ్చిన ‘టిన్ మ్యాన్’ చూడండి. అందులో ఓడే ఒక ప్రాణి, ఒంటరితనంతో చచ్చిపోదామనుకుంటుంది. నా లెక్కలో ‘ఎమర్జెన్స్’ కంటే అది బలమైన కథ. 1999లో మొదలైన ‘ఫార్‌స్కేప్’ సీరియల్లో మోయా అనే ఓడ గర్భవతి అయి బిడ్డని కంటుంది. 2011లో ‘డాక్టర్ హూ’లో ‘ది డాక్టర్స్ వైఫ్’ అనే కథ వచ్చింది, అందులో ఓడ ఆత్మ ఒక ఆడమనిషి ఒంట్లోకి వచ్చి తన డ్రైవరుతో మాట్లాడుతుంది. మాస్టారు గారికి అది బాగా నచ్చింది. మా అవ్వకి మోయా నచ్చింది.

పుట్టినదాని పేరేంటి? మళ్ళీ ఎక్కడైనా కనిపిస్తుందా?

పేరు పెట్టలేదు. ఆ సీరియల్లో తర్వాత మిగిలిన కథల్లో దాని ఊసే లేదు. ఈ మాట చెప్తే మా అవ్వకి కోపమొచ్చింది. పురుడు లేదా, బారసాల లేదా అంది. అది పుట్టగానే వెళ్ళిపోయిందవ్వా, అసలదేంటో కూడా వాళ్ళకి తెలియదు అన్నాను. కాసేపు ఊరుకుంది. దుప్పటి విప్పి మడత పెడుతుంటే మళ్ళీ పిలిచి, “పోనీ ఆ ఓడ సంగతేంది?” అనింది.

బాగానే ఉంది, మామూలుగా మళ్ళీ ప్రయాణంలో పడింది అన్నాను.

“పచ్చి బాలింతరా అది” అనింది.

మర్నాడు పొద్దున కూడా అదే అడిగింది, ఆ ఓడకి కాయం ఎవరు చేసి పెట్టారని.